అతుకు

మార్సెయ్ ఊరి ఉత్తరపు కొసన
సి బ్లాకుకీ ఎఫ్ బ్లాకుకీ నడుమ
కాలిన కార్లు ఎత్తేశాక మిగిలిన జాగా అది.
మునిసిపాలిటీ వాళ్ళు మట్టి పోయించి
ఇరవై మళ్ళు గీసి
ఒక్కటంటే ఒక్క కుళాయి బిగించి వెళ్ళారు.
గేటు తాళంచెవి నా చేతిలో పెట్టారు.
బస్సు నడిపి రిటైరైనవాణ్ణి కదా,
ఎవర్ని ఎక్కడ దింపాలో తెలుసనుకున్నారేమో.

గొట్టం పొట్టిది.
వార్దియా పుదీనా దాకా వచ్చి ఆగిపోతుంది.
అవతల జల్ఫాతా మిరపనారు.
ఇంకో ముక్క తెచ్చి కలిపాను.
తీగ చుట్టినా, టేపు వేసినా
అతుకు నిలవదు, పక్కకి చిమ్ముతుంది.
ఒకరు పిడికిట బిగించి పట్టుకుంటేనే
ఇంకొకరి మడికి తడి.

ఆ ఇద్దరికీ మాటల్లేవు.
మూడేళ్ళ కిందట మెట్లమీద
ఒకావిడ కొడుకు విసిరిన సీసా
ఇంకోవిడ కొడుకు కనుబొమ్మ చీల్చింది.
ఎవరి కొడుకని అడక్కండి,
చెబితే మీరూ
ఏదో ఒక బ్లాకు వాళ్ళయిపోతారు.

మొదటి వారం జల్ఫాతా బాల్చీతో మోసింది.
రెండో వారం నడుం పట్టేసింది.
మూడో వారం వార్దియా
మొహం అటు తిప్పుకుని
వచ్చి అతుకు పట్టుకుంది.
ఆవిడ కోసం కాదట,
నీళ్ళు పారబోతుంటే చూడలేకట.

జూన్‌లో ఓ తెల్లారి
చిక్కుడు పందిళ్ళన్నీ నేల కరిచాయి.
రాత్రి మిస్త్రాల్ గాలి కూడా లేదు.
"వాళ్ళే" అన్నారు వీళ్ళు.
"వీళ్ళే" అన్నారు వాళ్ళు.
కుర్రాళ్ళు మెట్ల దగ్గర పోగవుతున్నారు.
ఎనభయ్యేళ్ళ వర్తూహి మాత్రం
మోకాళ్ళమీద వంగి మట్టిని చదివింది.
"గిట్టలు. కొండ దిగొచ్చిన అడవిపంది.
దీన్ని ఏ బ్లాకు లెక్కలో రాస్తారు?"
ముందు నవ్విందెవరో గుర్తులేదు.
సాయంత్రానికి కంచె దిగింది,
మేకులు సి వాళ్ళవి, సుత్తి ఎఫ్ వాళ్ళది.

అలాగని అంతా సర్దుకుందని అనను.
రాత్రిళ్ళు మెట్లమీద అరుపులు ఉన్నాయి.
కొడుకులిద్దరూ ఒకే లిఫ్టు ఎక్కరు.
కొత్త గొట్టానికి ఆగస్టులో డబ్బులొచ్చాయి.
రోజూ ఆ దుకాణం ముందునించే వెళ్తాను,
రోజూ మరిచిపోతాను.

నిన్న పొద్దువాలాక
అతుకు దగ్గర వంగిన వార్దియా
"ఎడమకి" అంది,
"ఆ చివరిది వాడిపోతోంది."
మూడేళ్ళలో మొదటి మాట.
జల్ఫాతా గొట్టం ఎడమకి తిప్పింది.
వార్దియాకి చీలమండల దాకా బురద.