మిగిలినవారు

క్లైపెడా రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు
ఓడ దిగే పెట్టెలు లెక్కపెట్టాను.
క్రేను ఎత్తిన ప్రతిదానికీ ఒక గీత,
నాలుగింటి మీద అడ్డంగా అయిదోది.
ఉద్యోగం పోయింది, వేళ్ళకి అలవాటు పోలేదు.
అందుకే రాత్రి రెండున్నరకి
పదకొండు యూరోల టోర్నమెంటు తెర పక్కన
గళ్ళ నోటుబుక్కు, చెక్కిన పెన్సిలు,
కొరికి మరిచిపోయిన నల్లరొట్టె.

మేనల్లుడు గింటారస్ నవ్వుతాడు.
"అత్తా, ఎందరున్నారో, ఎవరి దగ్గరెంతో
అన్నీ మూలన మెరిపించే సాఫ్ట్‌వేరుంది."
మెరవనీ.
మెరిసేది చూస్తాను, రాసుకున్నది నమ్ముతాను.

పదింటికి కూర్చున్నవాళ్ళు 2,140.
తలకి పదివేల చిప్పులు. ఓడితే మళ్ళీ కొనుక్కునే వీల్లేదు.
మొత్తం రెండు కోట్ల పద్నాలుగు లక్షలు.
దాని కింద రెండు గీతలు గీశాను,
తెల్లారేదాకా మారని అంకె అదొక్కటే గనక.
మనుషులు లేచిపోతారు. చిప్పు లేవదు,
పక్కవాడి ముందుకి జరుగుతుంది, అంతే.

పదీ యాభైకి 1,702.
పన్నెండుకి అయిదు నిమిషాలుండగా 988.
ఒంటిగంటకి 535. సగటు నలభైవేలు,
నా దగ్గర నలభై ఆరు.
ఆ వరస పక్కన చిన్న టిక్కు పెట్టుకున్నాను
ఎవరూ చూడరు కదా అని.

తర్వాత బ్లైండ్లు తిన్నాయి. ముప్పై ఒక్క వేలు.
పెద్ద బ్లైండు నాలుగువేలు. ఎనిమిది సార్లకి సరిపోదు.
డబ్బులు వచ్చేది 240వ వాడి నుంచి.
తెర మీద "మిగిలినవారు" 263 దగ్గర బిగుసుకుపోయింది.
ఎన్ని నిమిషాలైనా 263.
రేవులో ఇలాంటివాటిని కాకిలెక్కలనేవాళ్ళం,
అక్కడున్నవన్నీ సీగల్ పిట్టలే అయినా.

కానీ పక్క గడిలో సగటు కదులుతోంది.
85,600.
87,705.
88,797.
రెండు కోట్ల పద్నాలుగు లక్షల్ని దాంతో భాగించాను
మార్జిన్లో, పిల్లకాయలా, ఒకటి అప్పు తెచ్చుకుంటూ.
241.
ఇంకొక్కడు పోవాలి.

సరిగ్గా అప్పుడు నా చేతికి రెండు పదులు,
ఇస్పేటొకటి, కళావరొకటి.
ఎదురుగా "ముళ్ళపంది" అన్నీ నెట్టేశాడు,
ఇంకా ఇరవై ముగ్గురు పోవాలని అనుకుంటున్నాడేమో.
పక్కన "తడిబూట్లు" దగ్గర మూడువేల తొమ్మిది వందలు,
ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.
పదులు మడిచేశాను.
మడిచేటప్పుడు చెయ్యి వణికిందని రాయలేదు.

ఎక్కడో, నా బల్ల మీద కాదు,
ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు.
సగటు 89,167.
తెరకి అప్పుడు మెలకువ వచ్చింది: 240.

నాకు పద్దెనిమిది యూరోలు ఖాయం.
ఆ 241వ మనిషిది ఏ ఊరో, ఏ కిటికీయో.
రేవులో సీలు తెగిన పెట్టె వస్తే
నంబరు పక్కన చుట్టు చుట్టేవాళ్ళం,
తర్వాత ఎవరైనా అడుగుతారని.
241 చుట్టూ ఒకటి చుట్టాను.
అడిగేవాళ్ళు లేరు.

రెండు ఆటల తర్వాత నేనే పోయాను,
ఆసు పట్టుకుని, రాణుల జత కింద పడి.
నా చిప్పులన్నీ ముళ్ళపందికే జరిగాయి, భద్రంగా.
దీపం ఆర్పేశాను. బయట తొలి ఫెర్రీ కూత.
సగటు కాస్త పెరిగే ఉంటుంది.
మేలుకున్నవాళ్ళెవరో రాసుకునే ఉంటారు.