నల్లబల్ల

బ్రాడీపేట నాలుగో లైన్లో, మేడమెట్ల కింద
సోవియట్ పఠనాలయం.
అటెండరు పేరు దైవసహాయం.
దేవుడు లేడనే పుస్తకాలకి
రోజూ దుమ్ము దులిపేవాడు.

మేం పోయింది చదవడానికి కాదు.
పాత సంచికలు ఊరికే ఇస్తాడని,
ఆ నున్నటి కాగితం అట్టలకి బాగుంటుందని.
నా లెక్కల పుస్తకం మీద ఏడాదంతా
తిమొఫెయ్ లుకిన్ తలకిందులుగా నవ్వాడు.
అట్ట తిరగేసి వేశావేంరా అన్నారు మాస్టారు.
అక్కడ పైనా కిందా ఉండవండీ అంటే
గోడకుర్చీ వేయించారు.

గుమ్మం పక్కన నల్లబల్ల మీద
పొద్దున్నే సుద్దముక్కతో దైవసహాయం:
"లుకిన్. నింగిలో 112వ రోజు."
మాస్కో నుంచి కబురొచ్చి కాదు,
పత్రికే రెండు నెలలు ఆలస్యం.
ఎక్కిన తేదీ తెలుసు. దిగిన వార్త లేదు.
మిగతాదంతా కూడిక.

వెల్డింగు తెలిసిన ఇంజనీరట లుకిన్.
మొదటిసారి నూట నలభై రోజులున్నాడు.
ఈసారి అయిదుసార్లు బయటికొచ్చి
లావుపాటి చేతొడుగులతో నట్లు బిగించాడు.
"మన పట్నంబజారు మెకానిక్కే,
కాకపోతే స్పానరు జారితే
వంగి వెతుక్కోవడానికి నేలుండదు."

డిసెంబరులో ఆ దేశం పేరు పోయింది.
జనవరిలో మనియార్డరు రాలేదు.
అద్దె కోసం వచ్చిన ఇంటాయన
గుమ్మంలో ఆగి, బల్ల చదివి,
"ఇంకా దిగలేదా" అని
అద్దె మాటెత్తకుండా వెళ్ళిపోయాడు.

226.
227.
మిర్చియార్డు గాలికి తుమ్ముతూ, కొంచెం వంకరగా, 228.

ఓ సాయంత్రం మమ్మల్ని మేడెక్కించాడు.
వాయవ్యం నుంచి ఒక చుక్క,
మిణుకుమనకుండా
లాడ్జి సెంటరు దాటి, ఏసీ కాలేజీ దాటి...
తొంభై నిమిషాల్లో భూమిని చుట్టేవాడికి
అంత నిదానమేమిటో!
నడినెత్తి దాటి ఆరిపోయింది.
కెవ్వున అరిచాడు మా రాంబాబు.
"నీడలోకెళ్ళాడు," అన్నాడు దైవసహాయం,
"ఉన్నాడు."
ఆకాశంలో ఏం లేని చోటికి
చెయ్యి చూపిస్తూనే నిలబడ్డాడు.

మార్చి నెలాఖర్న రేడియో చెప్పింది.
304 కొట్టేసి, పక్కన "దిగాడు" అని రాశాడు.

"ఏ దేశంలో?" అన్నాను.

సుద్దముక్క చాలాసేపు
గాల్లోనే ఉండిపోయింది.