మిద్దె మీంచి

ఉదయగిరి దుర్గంలో ఏరుకొచ్చిన తనుకు విత్తులు
మిద్దె మీంచి వదులుతోంది తస్నీము.
కింద నేను, ఒళ్లో సగం చెక్కిన గరిటె.

ఎండిన విత్తు గిర్రున తిరిగింది,
రెండు రెక్కలూ కనపడనంత జోరు.
పడమటి గాలి ఒక్క తోపు తోసేసరికి
పెళుసు రెక్క విరిగి
గులకరాయిలా రాలింది.

రాత్రి చెంబులో నానేసింది ఇంకోటి.
అది తిరగనే లేదు.
తడిగుడ్డ పేలిక, అంతే.

"మా, ఎంత మెత్తనుంటే ఎగురుద్ది?"

నాకేం తెలుసు.
కలివి కర్ర నా చేతికి చెప్పింది ఒకటే:
కాడ కాస్త వంగాలి,
మరీ వంగితే పప్పు కిందపోద్ది.

ఉలి కింద లేచిన పొట్టు ఒకటి
మెలిక తిరిగి, పలచగా, ఇంకా పచ్చివాసనతో.
లటుక్కున లాక్కుని మళ్లీ నిచ్చెనెక్కింది.

గాలి తోస్తే ఒదిగింది,
వదిలితే నిక్కింది,
తన చుట్టూ తాను తిరుగుతూ
పడింది, పడకేం,
కానీ ఎంతసేపటికో!
ఆరు దాకా లెక్కపెట్టి మరిచిపోయా.

నా జుట్టులో దిగింది.

"కదలొద్దు మా, కొలవాలి!"
ఆత్మకూరు షావుకారుకి
తెల్లారేసరికి నలభై గరిటెలియ్యాలి.

కదలకుండా కూర్చున్నా.