జుమ్మ

శుక్రారం దొరికినవని జుమ్మ అన్న నిన్ను.
సెలవు లేని కొలువుల
సెలవును పేరువెట్టి పిలుసుకున్న,
దినాం నూరుసార్లు.

కబ్ద్‌ల ఈ జాఖూర్ కాడ
నూట పదకొండు మేకలు, నలభై గొర్లు,
నీళ్ల ట్యాంకరు, రేకుల అర్ర,
నేను, షఫీకుల్.
నువ్వు లెక్కల లేవు.
కఫీలు నెలకోసారి అచ్చి లెక్కవెడ్తె
గడ్డిమోపుల ఎనుక నిన్ను దాసేటోన్ని.

కఫీలుతోని అరబ్బీ, షఫీకుల్‌తోని హిందీ.
నా యాస ఎరుకైన చెవులు రెండే ఉండె ఈడ,
రెండూ నీవే. ఒకటి కొస తెగింది.
"దా" అంటె అచ్చేదానివి.
"లెవ్వు ఆడికెల్లి" అంటె
నా దిక్కు సూసి, ఇంకింత సాగి పండేదానివి.

ఎనిమిదేండ్లల్ల రెండుసార్లు ఛుట్టి పోయచ్చిన.
రెండుసార్లూ నా బ్యాగు మీదవడి
మామిడికాయ తొక్కు, అటుకుల మూట,
బిడ్డ తలకు రాసే కొబ్బరినూనె అంటిన నా అంగి,
ఒక్కొక్కటే మూసూసుకుంట
మా ఇల్లంత ముక్కుతోని తిరిగచ్చినవ్.

ఎండకాలం నిన్నేం జెయ్యలే.
ట్యాంకరు కింద నాలుక ఏలాడేసుకోని
యాభై డిగ్రీలు దాటినవ్.
మర్బానియ అంటరట ఈ నలభై దినాల చలిని.
ఎడారిల ఇగం గిట్ల వెడ్తదని
మా ఊర్ల చెప్తె నవ్వుతరు.
పట్నంల ఉన్నోళ్లు గుడారాలేసుకోని
కట్టెలు రాజేసి, గావా తాగుకుంట
చలిని పండుగ జేసుకుంటుంటె
నీ ఎనుకకాళ్లు రెండు నీ మాట ఇనుడు మానేసినయ్.

పశుల డాక్టరు గొర్ల కోసం అచ్చిండు.
బూటు కొసతోని నిన్ను మెల్లగ కదిపి
"ఖలాస్" అన్నడు.
నీకు అరబ్బీ రాకపోవుడు
గా ఒక్క దినం మంచిదైంది.

ఆ రాత్రి అర్రలకు ఎత్తుకచ్చిన.
చెద్దరి సగం నీకు, సగం నాకు.
రేకు మీద మంచు టప్పుటప్పుమనుడు
ఎన్నిసార్లో ఇన్న, నీ ఊపిరనుకోని.
తెల్లారేసరికి
చెద్దరి మొత్తం నీదే అయింది.

ఇసుకల బొందకు పార కన్న ఓపిక ఎక్కువ కావాలె.
ఎంత తీస్తె అంత జారుతది లోపటికి.
నీకు అకామా లేదు, పాసుపోర్టు లేదు,
ఒక్క పూటల పనైపోయింది.
పోయినేడు పక్క జాఖూర్ల బుచ్చిమల్లు
నలభై దినాలు ఆగిండు ఫ్రిజ్జుల,
ఒక్క సంతకం కోసం.

షఫీకుల్ నిన్ను ముట్టుకున్నప్పుడల్ల
ఏడుసార్లు కడుక్కుంటుండె చేతులు,
అండ్ల ఒక్కసారి మట్టితోని.
కడుక్కునుడు ఇడవలే, ముట్టుడూ ఇడవలే.
ఇయ్యాల బొంద పూడ్సినంక
మోకాళ్ల మీద గట్లనే కూసున్నడు,
చేతుల నిండ మట్టి.
నీళ్ల దిక్కు పోలే శానసేపు.

మాపటికి మేకలు దొడ్లకు పోతలెవ్వు.
గేటు కాడ గుంపు నిలవడి
ఎనుకకు సూస్తున్నయ్, అదిలిచ్చేదేదని.
గప్పుడే శ్రీనిజ ఫోను.
"బాపూ, జుమ్మకియ్యి."
నిన్ను ఎన్నడు ముట్టుకోలే అది.
ఫోన్ల ఇని ఇని నీ అరుపు నేర్సింది,
నీ లెక్కనే రెండు అరిసి, ఆగి, ఇంకోటి.
నాకు నోరు రాలే.
స్పీకరు వెట్టి ఫోను చెయ్యెత్తి పట్టిన.

రెండు. ఆగి, ఇంకోటి.
మేకల చెవులు నిలవడ్డయ్.
ఒకదానెంక ఒకటి
తల దించుకోని లోపటికి నడిసినయ్.

"జుమ్మ ఏం జేస్తుంది బాపూ?"

లెక్కవెడుతున్న బిడ్డా, ఆగు, అన్న.
నూట తొమ్మిది. నూట పది.
నూట పదకొండు.
ఒక్కటి గూడ తక్కువ లేదు.