పెట్టెలో వాన

కదిరి దాటినాక మామిడితోపు పక్కన మా ఫ్యాక్టరీ.
చెనిక్కాయ గింజల్ని ఏరి, సంచులకెత్తి
ఓడకు పంపుతాం.
విమానంలో పంపితే గింజ కంటే గాలి ఖరీదు ఎక్కువ.
యాడనో ఒక చాక్లెట్ కంపెనీ,
వాళ్ల మిషన్ల కింద మా గింజ నలుగుతుంది.
లెక్క రాసేది నేను. సముద్రం చూడలేదు.

పోయినేడు పంపిన పెట్టె
నలభై మూడు రోజులకు తెరిచి ఫోటో పెట్టినారు.
పై వరస సంచులు నల్లగా,
బూజు, నీటి చారలు.
"ఎవరయ్యా నీళ్లు పోసింది?" మేనేజరు కేక.
చెన్నై ఏజెంటు ఫోన్లో నిదానంగా చెప్పినాడు:
ఎవరూ పోయలేదు సార్.
పగలు ఎండకు ఇనుము కాగుతాది,
గింజలో ఉండే తేమ లేచి పైరేకుకు అంటుకుంటాది,
రాత్రి రేకు చల్లబడితే
చుక్కలు చుక్కలుగా మళ్లీ సరుకు మీదికే.
మేము దాన్ని కంటైనర్ వాన అంటాం.

గింజలేరే సుంకులమ్మ
చేట పక్కన పెట్టింది.
మృగశిర పాయ, ఆరుద్ర పాయ,
ఆమె నాలుగెకరాల్లో గొర్రు దిగలేదు.
"తాళమేసిన పెట్టెలో పడిందా సామీ,
నాకు పడంది?"
ఎవరూ నవ్వలేదు.
కొంచెంసేపటికి ఆమే నవ్వింది.

తర్వాత లెక్క వేసుకున్నా.
గింజలో నూటికి ఏడు పాళ్లు తేమ.
తొమ్మిదొందల అడుగుల బోరు నుంచి
రాత్రి రెండింటికి కరెంటొస్తే లేచి
ఒకరు మడవ తిప్పిన నీళ్లు అవి.
మబ్బు మావూరిదే.
కురిసింది మాత్రం ఏ ఊరూ లేని చోట.

ఈసారి పెట్టె వచ్చింది.
నేనూ వెల్డరు దస్తగిరీ లోపలికి పోయి
తలుపు వేయించుకున్నాం.
చీకటి. ఉడుకు. వెనకటి సరుకేదో, కాఫీ వాసన.
చిల్లు ఉంటే వెలుగు కనబడతాది, అదీ పరీక్ష.
మూలన ఒకటే ఒక చుక్క మెరిసింది.
దస్తగిరి దాని మీద వేలు పెట్టి
"మూసేద్దామా?" అన్నాడు,
ఎందుకో మెల్లగా.
సుద్దముక్కతో సున్నా చుట్టినా.

గోడలకు అట్ట కాగితం,
పైన కొక్కేలకు తేమ తాగే ఉప్పు సంచులు.
సుంకులమ్మే ఎక్కి కట్టింది,
గుమ్మానికి తోరణం కట్టినట్టు
ఎడం కొలుచుకుంటా.
సీలు నంబరు రెండుసార్లు చదివి రాసుకున్నా.
తమిళ డ్రైవరు టీ తాగి బయలుదేరినాడు.

పెట్టె కొలంబోలో ఓడ మారింది.
ఎర్ర సముద్రం దారి బాగలేదని
ఆఫ్రికాను చుట్టుకొని పోయింది, పదహైదు రోజులు ఎక్కువ.
ఫోన్లో నీలం మీద ఒక చుక్క,
పొద్దున చూసినా అక్కడే, సాయంత్రం చూసినా అక్కడే.
"యాడికి పాయ?" సుంకులమ్మ రోజూ అడుగుతాది,
కాన్పుకు పోయిన కూతుర్ని అడిగినట్టు.
పునర్వసు కూడా పాయ.

నిన్న మెయిల్ వచ్చింది.
సరుకు పొడిగా ఉంది. డబ్బులు పడతాయి.
ఉప్పు సంచులు ఉబ్బి వేలాడుతున్నాయంట,
ఒక్కోటి లీటరుకు పైగా తాగినాయంట.

చదివి చెప్పినా.
సుంకులమ్మ చేటలో గింజలు రెండుసార్లు ఎగరేసి
అడిగింది:
"ఆ నీళ్లు ఏం చేసినారంట?"

కనుక్కొని చెప్తా అన్నా.
ఇంకా రాయలేదు.