కాపురమున్నవాళ్ళు

తెక్బర్ బరువు చూసేది నేనే.
ఆరేళ్ళ పిల్ల, పదమూడు కిలోలు.
కాటా పాడైందేమోనని
ఒకసారి నేనెక్కి చూశాను.
కాటా బాగానే ఉంది.

టిండూఫ్ శిబిరంలో రొట్టె కాక ఏముంటుంది?
లారీ వస్తుంది, పిండి బస్తా దిగుతుంది,
బస్తా మీద ఎవరిదో జెండా.
తిన్నకొద్దీ చిక్కిపోయింది పిల్ల,
పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది
సిగ్గులేకుండా.

అల్జీర్స్ నుంచి వచ్చిన డాక్టరు
ఒక ఫోటో చూపించాడు.
పేగు గోడ మీద ఉండాల్సిన నూగు
గాలిదుమారం కోసుకుపోయిన దిబ్బలా
చదునుగా.
"గోధుమను చూస్తే చాలు,
ఒళ్ళు తన మీద తానే కత్తి దూస్తోంది."
తర్వాత గొంతు తగ్గించాడు.
"అక్కడ కాపురముండే సూక్ష్మజీవులూ మారాయి.
ఉండాల్సినవాళ్ళు పలచబడ్డారు,
పిలవనివాళ్ళు గుడారాలు వేశారు.
వాళ్ళు మారినందుకు జబ్బొచ్చిందో
జబ్బొచ్చినందుకు వాళ్ళు మారారో
ఇంకా తేలలేదు."
తెలీదని ఒప్పుకున్న డాక్టరుని
అదే మొదటిసారి చూడడం.
ఇంకో గ్లాసు టీ పోశాను.

ఎంబార్కా అవ్వకి మాత్రం అంతా తేలిపోయింది.
"మా కడుపుల్లో ఉండేవాళ్ళది ఒంటెపాల వంశం.
యాభై ఏళ్ళుగా ఊరివాళ్ళ పిండి పోస్తుంటే
ఎందుకుంటారు?
సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయుంటారు,
మనకంటే ముందే."
అది వైద్యం కాదని చెప్పబోయాను.
చెప్పలేదు.

గోధుమ తగలని పిండి, నెలకు రెండు పొట్లాలు.
అవ్వ కొయ్యగిన్నెను ఇసుకతో తోమింది.
మళ్ళీ తోమింది.
నీళ్ళు చెంబుతో లెక్కపెట్టుకునే చోట
రెండు చెంబులు పారబోసింది.
ఇంత చేసినా గోరుసందులో పాత పిండి చాలు,
పిల్ల కడుపు పసిగట్టేస్తుంది.

పక్క గుడారంలో పెళ్ళిరోజు
తెక్బర్ ఒక రొట్టెముక్క దాచుకుంది.
నేను చూశాను.
నేను చూడడం తనూ చూసింది.
చాలాసేపు వాసన పీల్చి
మేకకు పెట్టేసింది.
మేక నములుతుంటే
ఖాళీ నోటితో తనూ నమిలింది.

కడుపులో పెట్టుకు చూసుకుంటాం అని
ఎంత తేలిగ్గా అనేస్తాం!
ఎవరిని పెట్టుకోవాలో, ఎవరిని పంపేయాలో
కడుపుకి ఎవరు చెప్పాలి?

ఈ నెల పధ్నాలుగున్నర.
కాటా మీద నేను మళ్ళీ ఎక్కి చూశాను,
ఈసారి సంతోషానికి.

రాత్రి అవ్వ
మనవరాలి పొట్టకి చెవి ఆనించి
కళ్ళు మూసుకుంది.
"ఏమంటున్నారు?" అంది పిల్ల.
"ఉండు.
దెబ్బలాట సద్దుమణిగింది.
ఇప్పుడు బేరమాడుతున్నారు."