మూడో బొత్తాం

క్లాక్స్‌విక్ రేవు గదిలో బల్ల చిన్నది.
మూడు కంప్యూటర్లు, మూడు కీబోర్డులు, మూడు మౌసులు.
హానుస్ కాఫీ కప్పు పెట్టుకోడానికి
కిటికీ గట్టు ఒక్కటే మిగిలేది.
అక్కడ వాన లోపలికొచ్చి కాఫీ పలచన చేసేది.

అందుకని పోయిన చలికాలం స్విచ్చి కొన్నాం.
అరచేతి వెడల్పు నల్ల పెట్టె,
నెత్తిన మూడు బొత్తాలు, వెనక తీగల జడ.
ఇప్పుడు ఒకే తెర, ఒకే కీబోర్డు, ఒకే మౌసు.
ఒకటి నొక్కితే గాలి, అలల ఎత్తు.
రెండు నొక్కితే రేవు చిట్టా, ఓడలతో రాతమాటలు.
మూడు నొక్కితే సొంత గొడవలు: జీతం, ఉత్తరాలు,
రాత్రి రెండింటికి స్వెటర్ అల్లిక నమూనాలు.

అంతకుముందు కొన్న చవక పెట్టె పది రోజులు నిలవలేదు.
చూపు అటు తిప్పామా,
ఇటున్న యంత్రం అనాథైపోయేది.
గాలి లెక్కల ముసలిదైతే,
కరెంటు పోయి వచ్చిన ఒక రాత్రి
తెల్లవార్లూ ఒకటే పాట:
కీబోర్డు కనబడటం లేదు,
కొనసాగడానికి ఏదో ఒక కీ నొక్కండి.
హానుస్ పొట్ట పట్టుకుని నవ్వాడు.
నేను నవ్వలేదు. ఆ రాత్రి గాలి ఎంతో
ఈనాటికీ ఎవరికీ తెలియదు.

ఇది మంచి రకం. ఇది అబద్ధాలాడుతుంది.
నా వేళ్ళు రెండో దాని దగ్గర ఉన్నంతసేపూ
ఒకటో దాని చెవిలో, మూడో దాని చెవిలో
ఇక్కడే ఉంది, నీ దగ్గరే ఉంది, అని
ఊదుతూ కూర్చుంటుంది.
ఒక్క కీబోర్డుకి మూడు కాపురాలు.
ఏ ఇంట్లోనూ అనుమానం లేదు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు.
నాన్న మిగిల్చింది ఒక్క పడవే.
దాని మీద రెండు జతల కాళ్ళు, నావీ మా అక్క రన్వావీ.
ఏడాదిన్నరగా మాటల్లేవు.
అది మాత్రం కొట్టంలో బోర్లాపడి
తారు వాసన వేస్తూ ఎండుతోంది,
పలకల మధ్య వేలు దూరేంత సందు.

మార్చి పదకొండు. రాత్రి ఒకటీ నలభై.
పొగమంచు. రేవు బయట ఒకే ఒక్క చేపల ఓడ,
లోపలికి రావచ్చా అని అడిగి ఆగింది.
దానికి జవాబిచ్చాను. మూడు నొక్కాను.
నొక్కాననుకున్నాను.
పేరు చూడకుండానే రాశాను:
పడవ నువ్వే ఉంచుకో. అలిసిపోయాను.
తెడ్లు మాత్రం నాకివ్వు.
పంపేశాను.
వెళ్ళి చిట్టాలో పడింది,
ఒకటీ నలభై మూడుకి ఎదురుగా,
చేపల ఓడ పేరు కింద.

అర నిమిషం.
ఓడ కెప్టెన్ టుమ్మస్ జవాబు:
ఏ పడవ?
వెంటనే ఇంకోటి:
తెడ్లు మా దగ్గర లేవు.

చిట్టాలో ఏదీ చెరపకూడదు, అది రూలు.
కింద సవరణ రాసి సంతకం పెట్టాలి.
పై వాక్యం ఈ రేవుకు సంబంధించింది కాదు, అని రాశాను.
కింద బిరీతా అని పెట్టాను.
పెట్టాక చూస్తే అదీ పూర్తి నిజం కాదు.
ఆ కొట్టం ఇక్కడికి నూట యాభై అడుగులు.

పొద్దున హానుస్ వచ్చి చిట్టా తిరగేశాడు. ఏమీ అనలేదు.
సొరుగు వెతికి ఎర్ర టేపు ముక్క తీసి
మూడో బొత్తాం మీద అంటించి,
కాఫీ ఊదుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు,
బల్ల మీద బోలెడు చోటున్నా.

నేను కోటు వేసుకున్నాను, మళ్ళీ విప్పాను.
ఎర్ర టేపు నొక్కాను.
తెర నల్లబడి ఒకటిన్నర సెకను తడుముకుంది.
ఆ కాస్సేపు ఏ యంత్రమూ నాది కాదు,
ఏం కొట్టినా ఎవరికీ చేరదు.
తర్వాత వెలిగింది.
పైన అక్క పేరే ఉందని రెండుసార్లు చూసుకుని
రాశాను:
టుమ్మస్ అడుగుతున్నాడు, ఏ పడవ అని.

హానుస్ గొంతు సవరించుకున్నాడు,
గాలి చూడాలి, కుర్చీ ఇయ్యి అన్నాడు.
ఒక్క నిమిషం, అన్నాను.
అక్క టైపు చేస్తోంది.